సార్ చేతిలో పెట్టిన బంతి

నా చిన్నప్పుడు మా స్కూల్లో ఆడపిల్లలకు బేస్‌బాల్ జట్టు ఉండేది. అందులో బ్యాట్ పట్టుకున్న అమ్మాయికి బంతి విసిరే పిచర్‌ని నేను. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజులవి. మేము శంకర్ నగర్‌లో అద్దెకుండేవాళ్లం. పక్క వాటాలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం ఉండేది. ఆ ఇంటి అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. నాకు ముందు అదే జట్టులో, అదే కోచ్ సార్ దగ్గర ఆమే పిచర్.

అక్క కుడి చెయ్యి పూర్తిగా చాపలేకపోయేది. ఒక టోర్నమెంటులో సార్ వరసగా రెండు రోజులు అన్ని మ్యాచ్‌లూ ఆమె చేతే బంతి వేయించాడు. మోచెయ్యి నొప్పి అంటే స్ప్రే కొట్టి పంపాడు. కప్పు వచ్చింది. అక్క మళ్లీ బంతి విసరలేదు. ఆయన ఒక్కసారైనా ఇంటికి వచ్చి పలకరించలేదు సరికదా, ఆ పిల్లకి దమ్ము లేదని నలుగురిలో అన్నాడట. చెయ్యి పోయినందుకంటే ఆ మాటకే అక్క ఎక్కువ రగిలిపోయేది.

నాకు నేర్పుతానని ఆమె తనంతట తానే వచ్చింది. సాయంత్రాలు ఇంటి వెనక సందులో విసిరేదాన్ని. అరవై బంతులు కాగానే ఆపించేది. మర్నాడు బంతి ముట్టుకోనిచ్చేది కాదు.

"సెయ్యి అలిసిపోతే ముందు బంతి పైకెల్లిపోద్దే. మోసెయ్యి కిందకి జారిపోద్ది. నొప్పి ఆ ఎనకొస్తాది. అదొచ్చేదాకా ఆగినావంటే నాలాగే అయిపోతావు. బస్, నేటికి సాలు."

ఆ కట్టుబాటు నాకు నచ్చేది కాదు. ఒకరోజు ఆమె లోపలికి వెళ్లాక గోడకేసి ఇంకో వంద విసిరాను. మర్నాడు అక్క దువ్వెన తెచ్చి కుర్చీలో కూర్చుని, తన జడ అల్లమంది. వెనక నిలబడి మూడు పాయలు తీసేసరికే నా చెయ్యి వణికింది. ఆమె తల తిప్పకుండానే, "నిన్న ఎన్నేసినావు?" అంది. అప్పట్నుంచి రోజూ అదే పరీక్ష. తన జుట్టులో నా వేళ్లు కదిలే తీరును బట్టి ఆ రోజు ఆడాలో వద్దో చెప్పేది.

ఫైనల్‌కి ముందురోజు కూడా సార్ నా చేతే మ్యాచ్ అంతా వేయించాడు. ఫైనల్ రోజు ఉదయం జడ అల్లుతుంటే నా చేతి అలసట అక్కకి తెలిసిపోయింది. వరసగా మూడు బంతులు పైకి పోతే బంతి తీసుకెళ్లి సార్ చేతిలో పెట్టెయ్యమంది. అందరూ చూస్తుండగా పెట్టమంది.

ఆఖరి ఇన్నింగ్స్‌లో మేము ఒక్క పరుగు ముందున్నాం. వరసగా మూడు బంతులు తల ఎత్తుకు మించి పోయాయి. నేను నడుచుకుంటూ వెళ్లి బంతి సార్ చేతిలో పెట్టాను.

"బస్ ఏక్ ఇన్నింగ్, బేటీ. స్ప్రే మార్ దేతే హై," అన్నాడు, ఒక్క ఇన్నింగ్సే, స్ప్రే కొట్టేద్దామని బుజ్జగిస్తూ.

"దీదీకో భీ యహీ బోలే థే, సర్," అన్నాను గట్టిగా. అక్కకీ ఇదే చెప్పారుగా అని. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు మా వైపు తిరిగారు.

అప్పుడే అక్క గ్యాలరీ మెట్లు దిగి వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి కుడి చెయ్యి నెమ్మదిగా చాపింది. అది సగంలోనే ఆగిపోయింది. "పహచానా, సర్?" అని అడిగింది. గుర్తుపట్టిన సంగతి ఆయన మొహంలోనే తెలిసింది. బంతి పట్టుకుని పక్కకి తిరిగాడు. వేరే అమ్మాయి వేసింది. ఓడిపోయాం. అక్క మొహంలో అలాంటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి వెళ్లే ఆటోలో ఏడుస్తూ అడిగాను, ఆయన మీద పగ తీర్చుకోవడానికే నాకు నేర్పావా అని. బుకాయిస్తుందనుకున్నాను.

"అవునే. నీ సెయ్యి బాగుండాల, ఆడు ఓడిపోవాల. రెండూ కావలసొచ్చినాయి నాకు," అంది.

మరుసటి ఏడు సార్ నన్ను జట్టులోకి తీసుకోలేదు. కాలేజీలో మళ్లీ ఆడాను, చాలా ఏళ్లు ఆడాను. ఇప్పుడు ఆడపిల్లలకు నేర్పుతున్నాను. అలసిన చెయ్యి కనిపిస్తే ఫైనల్ అయినా సరే ఆపేస్తాను. పిల్లల మీద ప్రేమ అంటారు వాళ్ల తల్లులు. నేను కాదనను. కానీ ఆపిన ప్రతిసారీ ఆ మనిషిని ఇంకోసారి ఓడించినట్టు ఉంటుంది నాకు.