మూల చెట్టుకు నాలుగు వలయాలు

మా అన్న జెత్రో పర్విన్ పోయిన నెల చనిపోయాడు. కౌలు భూమిలో పాతిపెట్టాం. తన చేత్తో రెండు వందల ఎకరాలకు హద్దు గుర్తులు పెట్టుకున్న మనిషికి చివరికి ఆరడుగుల నేల కూడా సొంతం కాకుండా పోయింది. ఆ పాపంలో సగం కల్నల్ క్రూడ్సన్‌ది. మిగతా సగం నాది.

కెంటకీలో మా అన్న గాటు తెలియని సర్వేదారు లేడు. కొలిచే గొలుసు పట్టేవాళ్ళకు ముందు నడుస్తూ, హద్దు మీద నిలిచిన చెట్లకు గొడ్డలి గాట్లు పెట్టడం ఆయన పని. హద్దు పక్కన నిలిచిన చెట్టుకు రెండు, హద్దు మలుపు తిరిగే మూల చెట్టుకు మూడు. కొలిచి పెట్టినట్టు ఒకే లోతు, ఒకే వాలు. పెళ్ళి చేసుకోలేదు. వర్జీనియాలో నా మొగుడు జ్వరంతో పోతే, "ఏడుస్తూ కూచుంటే ఏమొస్తుందే డోర్కస్, వచ్చి నాకింత వండిపెట్టు" అని వెంటబెట్టుకొచ్చాడు. 1789 ఆకురాలు కాలంలో గ్రీన్ నది ఒడ్డున మా కోసం చెట్లకు గాట్లు పెట్టాడు. అంతకు ముందు అక్కడ షావనీ తెగవాళ్ళు వేటాడుకునేవాళ్ళు. వాళ్ళ గుర్తులు ఏ కాయితంలోకీ ఎక్కలేదు. ఎందుకెక్కలేదని మేమూ అడగలేదు.

తూర్పు మూలన పెద్ద తెల్ల ఓక్ చెట్టు. దాని నీడ పడి మొక్కజొన్న పసుపుపచ్చగా పాలిపోయేది. నాలుగో ఏడు వేసవిలో అన్న సర్వేకి పోయినప్పుడు, నేనే గొడ్డలి తీసుకుని చెట్టు మొదట్లో చుట్టూ బెరడు ఒలిచేశాను. పొలంలో అడ్డొచ్చిన చెట్టునల్లా అందరం అలాగే చంపేవాళ్ళం. ఆకులన్నీ రాలాక పొరుగావిడ వచ్చి గుండెలు బాదుకుంది.

"ఓసి పిచ్చిదానా, మూల చెట్టును చంపావా? కోర్టుకు తెలిస్తే జైల్లో పెడతారే!"

ఒలిచిన చోటు కనపడకుండా మట్టి ఎగదోసి కప్పేశాను. అన్న రాగానే, "పిడుగు పడిందన్నా" అన్నాను. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"సరేలే, నరక్కు. ఎండినా మూల మూలే" అని, తినడానికి ఏముందో అడిగాడు.

పదమూడేళ్ళు గడిచాయి. ఎన్నికలొచ్చాయి, వాటితోపాటు కల్నల్ క్రూడ్సన్ వచ్చాడు. వాడి నోట్లో మన్ను పడ! విస్కీ పీపా బండి మీద పెట్టించి, దాని పక్కన నిలబడి, "పడమర తూర్పు దొరల సొత్తు కాదు! గొడ్డలి పట్టిన చిన్న రైతుది!" అని గొంతు చించుకున్నాడు. మా దగ్గర ఓటంటే షెరీఫ్ ముందు నిలబడి పేరు గట్టిగా చెప్పాలి. అభ్యర్థి పక్కనే కూచుని వింటాడు. అన్న "క్రూడ్సన్!" అని అరిస్తే కల్నల్ లేచి కావలించుకున్నాడు.

"జెత్రో, నీ చెయ్యి ఇక్కడ పాడైపోతోందయ్యా. మిసోరీ నది అవతలికి ప్రభుత్వం ఒక దండును పంపుతోంది. దారి పొడుగునా చెట్లకు మన దేశం అక్షరాలు చెక్కాలి. తిరిగొస్తే మూడొందల ఎకరాలు."

"అన్నా, ఉన్నదానికే ఇంకా పట్టా రాలేదు" అన్నాను నేను.

"కల్నల్ చూసుకుంటానన్నాడుగా. ఊరికే నస పెట్టకే."

చూసుకున్నాడు! అన్న వెళ్ళిన మరుసటి ఏడే, తూర్పు దొర ఒకడి తరఫున లాయరుగా కల్నలే మా మీద దావా వేశాడు. ఆ దొర సర్వే 1795లో జరిగిందట. మా గుర్తు అంతకంటే పాతదైతే భూమి మాది, కొత్తదైతే ఆ దొరది. సాక్ష్యం చెప్పగల పాత కాపులు కొత్త భూములకని ఎప్పుడో పడమటికి తరలిపోయారు. గాటు పెట్టిన మనిషినేమో కల్నలే పంపించేశాడు.

కోర్టు వాళ్ళు, జ్యూరీ పన్నెండు మంది చెట్టు దగ్గరికే వచ్చారు. కల్నల్ టోపీ తీసి నన్ను పలకరించాడు.

"డోర్కస్ అమ్మా, ఈ చెట్టు ఎండిపోయిందే! మూల చెట్టును చంపడం నేరమని తెలుసుగా? ఎవరు చంపారు?"

"ఎవరూ చంపలేదు బాబూ. పిడుగు పడింది."

"ఎప్పుడు?"

ఏళ్ళ కిందట అంటే, అప్పుడు ఇంట్లో ఎవరున్నారని తవ్వి నా దాకా వస్తాడని భయపడ్డాను. మొన్న వేసవిలో పిడుగు పడి ఊరి పిండిమర కాలిపోయిన సంగతి అందరికీ తెలుసు.

"మొన్న వేసవిలోనే. మర మీద పడిన రోజే."

"బైబిలు మీద ప్రమాణం చేసి చెబుతున్నావు కదా?"

"ఆఁ, చేసే చెబుతున్నాను."

కల్నల్ నవ్వి గొడ్డలి తెప్పించాడు. అన్న గాటు ఉన్నచోట చెక్కను దిమ్మగా కోసి తీశారు. గాటు పెట్టాక చెట్టు దాని మీద ఏడాదికో వలయం చొప్పున పెరుగుతుందట. చెట్టు చచ్చిన ఏడుతో ఆ వలయాలు ఆగిపోతాయట. అవి లెక్కపెడితే గాటు వయసు తెలుస్తుందట. ఈ విద్య అన్నకు తెలుసు. ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి కల్నల్ జ్యూరీ వైపు తిరిగాడు. "అయ్యా, మొన్నటిదాకా బతికున్న చెట్టుకు నాలుగే వలయాలు. అంటే ఈ గాటు పెట్టి నాలుగేళ్ళు. మా సర్వే జరిగి పన్నెండేళ్ళు!"

"కాదు బాబూ! అది ఎండి పద్నాలుగేళ్ళయింది! నేనే చంపాను, నా ఈ చేతులతోనే చంపాను!" అని మొత్తుకున్నాను.

"ఇప్పుడే కదమ్మా ప్రమాణం చేసి మొన్న వేసవిలో అన్నావు" అన్నాడు. జ్యూరీ పగలబడి నవ్వింది. భూమి పోయింది. కల్నల్ మాత్రం ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు.

మరుసటి ఏడు అన్న తిరిగొచ్చాడు. మంచుకు కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. మూడొందల ఎకరాలు సైనికులకేనట, గొడ్డలి కూలీలకు కాదట. కౌలు గుడిసె గడపలో కూచుని పడమటి సంగతి ఒక్కటే చెప్పాడు.

"అక్షరాలు చెక్కుతుంటే అక్కడి ముసలాయన ఒకడు వచ్చి, ఈ చెట్టు నిన్నేం చేసిందని అడిగాడే. నేను చెక్కుకుంటూ పోయాను."

కల్నల్ మనుషులు పారేసిపోయిన దిమ్మను నేను దాచాను. తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. మిగిలిన వేళ్ళతో తడిమి లెక్కపెట్టాడు.

"నాలుగు. సరిగ్గానే లెక్కపెట్టారు. మరి ఎప్పుడు ఎండిందని చెప్పావే?"

చెప్పాను. బెరడు ఒలిచింది నేనేనని కాళ్ళ మీద పడి ఏడ్చాను.

"నాకు తెలుసులేవే" అన్నాడు.

"తెలుసా? ఎప్పట్నించి?"

"మొదటి రోజు నించీ. పిడుగు పడిన చెట్టుకు మొదట్లో మట్టి ఎవరు ఎగదోస్తారే? నువ్వు బాధపడతావని ఊరుకున్నాను."

ఆ మట్టి చూసిన రోజునే నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే, కోర్టు ముందు నేను నిజమే చెప్పేదాన్ని.