కేక ఆగే గుమ్మాలు

బెజవాడ పటమటలో ఎవరింట్లో ఏ దేవుడున్నాడో తెలుసుకోవాలంటే చేపల పెద్దింట్లమ్మను అడిగితే చాలు. ముప్పై ఏళ్లుగా నెత్తిన సత్తు బేసిన్ పెట్టుకుని అవే సందుల్లో తిరుగుతున్న మనిషి. ఆమెకు దేవుళ్ల పేర్లకంటే వారాలే బాగా గుర్తు. మేడ మీద లెక్కల మాస్టారిది సోమవారం. మందుల షాపు వాళ్లది శనివారం, వాళ్ల పెద్దకోడలికి గురువారం కూడా. కార్తీకమాసం వచ్చిందంటే సందుకు సందే నోరు కట్టుకుంటుంది. భవానీ మాలలు వేసుకునే రోజుల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. రంజాను నెలలో మూలమీది సాయిబుగారింటికి పొద్దున వెళితే లాభం లేదు, సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి.

"దేవుళ్లందరూ కూడబలుక్కుని నా బేరం మీద పడ్డారండీ" అని ఆమె నవ్వుతుంది. నవ్వుతుందే గానీ, ఆ రోజుల్లో ఒక్కదాన్ని కూడా తప్పదు. గొంతు చూస్తే నాలుగు సందులు వినిపించే గొంతు. "చేపలమ్మా చేపలూ! కొర్రమీనూ, శీలావతీ, రొయ్యలూ!" అని ఎత్తుకుంటే నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చోవాల్సిందే. అంతటి గొంతూ ఆ రోజు ఎవరు నోరు కట్టుకున్నారో వాళ్ల ప్రహరీ మొదట్లో ఆగిపోతుంది, ప్రహరీ చివర మళ్లీ మొదలవుతుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. కొత్తలో ఒక సోమవారం మాస్టారి గేటు ముందు నిలబడి కొర్రమీను కొర్రమీను అని గొంతు చించుకుంది. లోపల మాస్టారి తల్లి శివుడికి అభిషేకం చేస్తోంది. పెద్దావిడ వసారాలోకి వచ్చి చూసింది. ఒక్క మాట అనలేదు. చెంబులో నీళ్లు మొక్కలకు పోసేసి, మళ్లీ నీళ్లు పట్టుకుని, పూజ మొదటి నుంచీ మొదలుపెట్టింది. తిట్టి ఉంటే పెద్దింట్లమ్మ మర్నాటికి మర్చిపోయేదే. తిట్టకుండా లోపలికి వెళ్లిపోయింది గనకే ఇన్నేళ్లయినా ఆ చెంబు కళ్లముందు కనిపిస్తూ ఉంటుంది.

దేవుడి గురించి ఎవరైనా అడిగితే పెద్దింట్లమ్మ దగ్గర ఒకటే జవాబు. "ఆయన ఎలా ఉంటాడో నాకేం తెలుసండీ, చేపలమ్ముకునేదాన్ని. మనిషి తనకి ఇష్టమైందాన్ని ఎవరి కోసమో నోటిదాకా రానివ్వకుండా ఆపుకుంటాడు చూడండి, అక్కడుంటాడనుకుంటా."

ఇన్ని గుమ్మాల్లోనూ కేక ఆగని గుమ్మం ఒక్కటే ఉండేది. అది తెరేసమ్మది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెద్దింట్లమ్మకు ఆవిడెప్పుడూ సిస్టరుగారే. వాళ్లు కాథలిక్కులు. ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారాలు మాంసం మానేస్తారు గానీ చేపకు అడ్డు లేదు. ఊరంతా ఏదో ఒక రోజు మొహం తిప్పుకున్నా, సిస్టరుగారు మాత్రం గేటు దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడి ఉండేది. "పెద్దింట్లూ, ఏం తెచ్చావే?" అనేది. ఆ పిలుపు కోసమే పెద్దింట్లమ్మ మంచి చేపను బేసిన్ అడుగున దాచి తీసుకొచ్చేది.

అసలు వాళ్ల స్నేహం కుదిరింది తుఫానులో. ఇరవయ్యారేళ్ల కిందటి మాట. అప్పటికి పెద్దింట్లమ్మ కాపురం బందరు దగ్గర సముద్రపుటొడ్డున. పుట్టిల్లు కొల్లేటి లంక కావడంతో అక్కడి అమ్మవారి పేరే ఆమెకు పెట్టారు. మొగుడు గంగరాజు సముద్రం మీద వేటకు పోతే, ఆమె చేపలు బస్సులో వేసుకుని బెజవాడ వచ్చి అమ్ముకుని వెళ్లేది. అలా వచ్చిన రోజే గాలివాన పట్టుకుంది. బస్సులు ఆగిపోయాయి. గంగరాజు పడవ ఒడ్డుకు రాలేదని కబురు తెలిసింది. సిస్టరుగారి అరుగు మీద ముద్దలా తడిసి కూర్చున్న మనిషిని ఆవిడే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉంది. ముందు గదిలో మరియమాత పటం ముందు సిస్టరుగారు మోకాళ్ల మీద ఉండేది. మొదటి రోజు పెద్దింట్లమ్మకు ఏం చేయాలో తెలియలేదు. ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి దేవుడి ముందు తన అమ్మవారిని పిలవొచ్చో లేదో. ఆ మొహమాటం సిస్టరుగారికి ఎలా తెలిసిందో, వానలోనే పక్కింటికి వెళ్లి ఇంత పసుపూ కుంకుమా అడిగి తెచ్చింది. వంటింటి గూట్లో డబ్బాలు తీసేసి, గూడు తుడిచి, "ఇదుగో, మీ అమ్మని ఇక్కడ పెట్టుకో. ఆవిడ పని ఆవిడ చేస్తుంది, మా అమ్మ పని మా అమ్మ చేస్తుంది" అంది. పెద్దింట్లమ్మ పసుపు ముద్ద చేసి బొట్టు పెట్టి, ఆ గూటి ముందు కూర్చుని బావురుమంది.

అయిదో రోజు గంగరాజు ఎక్కడో గుంటూరు జిల్లా తీరంలో ప్రాణాలతో తేలాడు. ఆ తర్వాత సముద్రం వైపు చూడనన్నాడు. కాపురం పటమటకు మారింది. మొన్న మూడేళ్ల కిందట జ్వరంతో పోయేదాకా, చేపల మార్కెట్లో ఐసు పెట్టెలు మోసుకుంటూ భార్య కళ్లముందే బతికాడు.

ఆ ఏటి నుంచే గిన్నె అలవాటు మొదలైంది. ఫాల్గుణంలో అమ్మవారి జాతరకు పెద్దింట్లమ్మ ఇంట్లోనే కొర్రమీను, మామిడికాయ వేసి పులుసు పెట్టి అమ్మవారికి నైవేద్యంగా చూపిస్తుంది. మరొక దేవుడికి చూపించింది క్రైస్తవులు తినరని ఆమెకు తెలుసు. అందుకని అమ్మవారికి చూపించకముందే ఒక గిన్నెడు పులుసు తీసి పక్కన పెట్టేది. అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకుంది. "అమ్మవారికంటే ముందు ఎవరికే తీస్తున్నావు? కళ్లు పోతాయి!" అంది.

"అమ్మవారికి కోపం రాదత్తయ్యా. ఆ ఇంట్లో గూడు ఖాళీ చేసి ఇచ్చింది ఎవరికనుకున్నావు? అమ్మవారికే" అని పెద్దింట్లమ్మ గిన్నె మీద మూత పెట్టింది. కళ్లు పోలేదు. గిన్నె కూడా సిస్టరుగారిదే, స్టీలు మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంటుంది. క్రిస్మస్‌కు అరిసెలతో ఇటు వస్తుంది, జాతరకు పులుసుతో అటు వెళ్తుంది. ఇన్నేళ్లలో ఒక్క ఏడు తప్పలేదు.

ఈ ఏడు తప్పింది.

జాతర శుక్రవారం నాడు వచ్చింది. సిస్టరుగారిని ఆదివారం ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు, సోమవారం గుండె ఆపరేషన్. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఈసారి గిన్నె అందడం అన్నిసార్లలాంటిది కాదని పెద్దింట్లమ్మకు తెలుసు. తెల్లవారుజామునే పులుసు పెట్టేసి, వచ్చాక గిన్నెలోకి తీద్దామనుకుని వెళ్లి, బేరం ముగించుకుని పది గంటలకల్లా ఇల్లు చేరింది. అప్పటికే కోడలు పద్మశ్రీ తలంటుకుని, దీపం పెట్టి, పులుసు మొత్తాన్ని దాకతోనే అమ్మవారి ముందు పెట్టి హారతి ఇచ్చేసింది. పెళ్లయి రెండేళ్లు. కిందటేడు పురిటికి పుట్టింట్లో ఉంది. తీసి పెట్టాలన్న సంగతి ఆమెకు తెలియదు. అత్తగారు అలసిపోయి వస్తుందని తనే చేసింది.

పెద్దింట్లమ్మ బేసిన్ దించడం కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడిపోయింది. మళ్లీ వండటానికి లేదు. అమ్మవారికి చూపించాక ఆ రోజు పొయ్యి మీద మళ్లీ చేప ఎక్కకూడదు, అది వాళ్ల ఆనవాయితీ. రేపు వండితే అది జాతర గిన్నె కాదు.

పద్మశ్రీ ఏడుపు మొహం పెట్టింది. "చెప్పకుండా ఇచ్చేద్దాం అత్తయ్యా. ఆవిడకేం తెలుస్తుంది? రుచేం మారదు కదా."

"ఆవిడకి తెలీదే. నాకు తెలుసుగా. ఆ గిన్నె నేనిస్తే ఆవిడ వాసన కూడా చూడకుండా నమ్మి తీసుకుంటది. నమ్మిన మనిషి నోట్లో పెడతామా?"

సాయంత్రం దాకా ఆమె ఒకచోట కూర్చోలేదు. ఖాళీ గిన్నె ఎలా పట్టుకెళ్లడం? గుండె కోతకు వెళ్లే మనిషికి ఖాళీ గిన్నె చేతిలో పెట్టడం ఎంత అశుభం! చివరికి డబ్బాలోంచి పిడికెడు పంచదార తీసి గిన్నెలో పోసి, మూత పెట్టి, చీర మార్చుకుని బయల్దేరింది. దారి పొడుగునా మనసు కీడే శంకించింది.

సిస్టరుగారు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు ఫిలిప్ ఆసుపత్రి కాగితాలు సర్దుకుంటూ, "రండి పిన్నీ" అని కుర్చీ వేసి పక్కగదిలోకి వెళ్లాడు. పెద్దింట్లమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పేసింది. "పులుసు తేలేదండీ. చూపించకముందు తియ్యడం కుదరలేదు. మా పిల్లది తెలియక చేసింది. దాన్ని తిట్టలేను, మీకు అబద్ధమాడలేను. నా మీద కోపం పెట్టుకుని మాత్రం ఆపరేషన్‌కి వెళ్లకండి సిస్టరుగారూ."

సిస్టరుగారు కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "కూర్చోవే. నువ్వు నిజం చెప్పావు, నేనూ ఒకటి చెప్పాలి. ఆ గిన్నెలో పులుసు నేనెప్పుడూ తినలేదు."

పెద్దింట్లమ్మ కుర్చీలో కూలబడింది. ఇరవయ్యారేళ్లు! అత్తగారి చేత శాపనార్థాలు పెట్టించుకుని, అమ్మవారిని రెండోదాన్ని చేసి తీసిన గిన్నె. అయినా అమ్మవారింటి కూడు అనే ఈవిడ ముట్టుకోలేదా? కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నా చేతిది కూడు కాదనుకున్నారా?" అంది.

"నీ చేతిదని కాదు పిచ్చిదానా. నేను చేపే తినలేదు, ఎవరి చేతిదీ. మీ ఆయన కనపడకుండా పోయినప్పుడు, మూడో రోజు, మరియమాత ముందు మొక్కుకున్నాను. ఆ మనిషి తిరిగొస్తే నాకు ప్రాణమైంది వదిలేస్తానని. నాకు ప్రాణమైంది ఏంటో నీకు తెలీదూ?"

పెద్దింట్లమ్మకు తెలుసు. తుఫానుకు ముందు సిస్టరుగారు చేప తలకాయ కోసం భర్త అంతోనిగారితో పోట్లాడిన రోజులు గుర్తొచ్చాయి. "మరి వారానికి మూడుసార్లు కొన్నారు కదండీ! గేటు దగ్గర నిలబడి ముల్లున్నది వద్దు, మెత్తనిది వద్దు అని బేరాలాడారు కదండీ!"

"అంతోని తిన్నాడు, ఫిలిప్ తిన్నాడు. జాతర పులుసు కోసమైతే తండ్రీ కొడుకులు కొట్టుకునేవాళ్లు. నేను కొనకపోతే నీకు తెలిసిపోదూ? తెలిస్తే మొగుడొచ్చిన సంతోషం మానేసి నాకు దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చునేదానివి. ఉపవాసం ఉంటే నలుగురికీ చెప్పుకోవద్దన్నాడు మా ప్రభువు."

"మరి మా ఆయన పోయి మూడేళ్లయింది. ఇంకా ఎందుకండీ?"

"మొక్కుకున్నప్పుడు ఆఖరి తారీకు పెట్టలేదే" అని సిస్టరుగారు నవ్వింది. నవ్వుతూనే గిన్నె దగ్గరకు లాక్కుని మూత తీసింది. "ఇదేంటి, పంచదారా? దీన్ని మీ అమ్మకి చూపించలేదు కదా?"

"లేదండీ. డబ్బాలోంచి తీసిందే."

ఆవిడ చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. ఇరవయ్యారేళ్లలో ఆ గిన్నెలోంచి ఆవిడ నోట్లోకి వెళ్లింది అదొక్కటే. పెద్దింట్లమ్మ మంచం పట్టె మీద తల పెట్టి, తుఫానులో గూటి ముందు ఏడ్చినట్టే ఏడ్చింది. పటమటలో ప్రతి గుమ్మం నిష్ఠా నాకు తెలుసని ఇన్నాళ్లూ ఎంత గర్వపడింది! తన కోసం కట్టుకున్న నోరు మాత్రం తనకు కనపడలేదు.

ఆదివారం వచ్చింది. పటమట అంతా తినే రోజు. ఒక్క గుమ్మం ముందు కూడా గొంతు తగ్గించాల్సిన పని లేని రోజు. పెద్దింట్లమ్మ బేసిన్ నిండా చేపలతో ఆ సందులోకి తిరిగేసరికి సిస్టరుగారి గేటు ముందు కారు ఆగి ఉంది. ఫిలిప్ సామాను పెడుతున్నాడు. సిస్టరుగారు వెనక సీట్లో కూర్చుని, అద్దం దించి, కేక వస్తున్న వైపే చూస్తోంది.

"చేపలమ్మా చేపలూ! కొర్రమీనూ, శీలావతీ..."

సిస్టరుగారి ప్రహరీ మొదలైంది. కేక ఆగింది.

ముప్పై ఏళ్లలో ఆ గుమ్మం ముందు ఆగడం అదే మొదటిసారి. ఫిలిప్ ఆశ్చర్యంగా తలెత్తి చూశాడు. పెద్దింట్లమ్మ దణ్ణం పెడదామనుకుంది గానీ రెండు చేతులూ బేసిన్‌ను పట్టుకుని ఉన్నాయి. అలాగే, ఒక్క మాట లేకుండా, కారు పక్క నుంచి ప్రహరీ చివరిదాకా మెల్లగా నడిచింది. లోపల సిస్టరుగారు నుదుటి నుంచి గుండె దాకా సిలువ గుర్తు వేసుకుంటూ ఆమెనే చూస్తోంది. ప్రహరీ అయిపోయింది. పెద్దింట్లమ్మ మళ్లీ కేక ఎత్తుకోలేదు. ఆ సందంతా ఆ రోజు అమ్మకుండానే నడిచింది.