పేరు తెలియని ఆమెకు చీర

బిస్సమ్ కటక్‌లో గుడారి వెళ్లే బస్సెక్కాను. పక్క సీట్లో ఒక తెలుగు రైతు, ఆయన భార్య కూర్చున్నారు. పెద్దల అమావాస్య రెండు రోజుల్లో ఉంది. ఆయన ఒళ్లో సంతలో కొన్న ఆకుపచ్చ చీర ఉంది.

"ఇంటావిడకా?" అని అడిగాను.

"కాదు బాబూ. శ్రీలంకలో ఒక ముసలమ్మకి."

వయసులో ఉండగా మన సైన్యంతో ఆ దేశం వెళ్లాడట. ఆ ముసలమ్మ పిలిచి మంచినీళ్లిచ్చింది. ఆ సాయంత్రమే వీళ్ల కాల్పుల్లో చనిపోయింది.

"పేరు తెల్దు. మా అమ్మకి పెట్టినప్పుడే ఆవిడికీ పెడతన్నాను."

పెద్దలకు పెట్టిన చీరను ఇంటి ఆడవాళ్లు కట్టుకోవడం వాళ్ల ఆనవాయితీ. భార్య నావైపు తిరిగింది.

"అత్త సీర కడతాను బాబూ. ఈయనెల్లి సంపొచ్చినావిడ సీర నానెలా కడతాను? ఏటేటా ఎవులికో ఇచ్చెస్తన్నాను."

"కట్టకపోతే ఆవిడికి ముట్టదే," అన్నాడాయన. ఎన్నోసార్లు అని విసిగిపోయిన గొంతు అది.

బస్సు కొండ ఘాటీ ఎక్కుతోంది.

"ఆవిడికి కూతురు నేదేటి, కట్టుకోడానికి?" అని ఆమె ఆయన్ని అడిగింది.

"ఉంది. తల్లి కాడ కూకొని ఏడిసింది. తరవాత ఏటయిపోనాదో తెల్దు."

"ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

ఆయన ఒళ్లోని చీరను ఆమె తన ఒళ్లోకి తీసుకుని అంచు తడిమి చూసింది.

"దీని మీదికి జాకెట్టు నేదు నాకు. గుడారిలో దిగినాక గుడ్డ కొను," అంది.