హెడర్ ఫైలులో లేని బల్బు

ప్రోగ్రాములు రాసే సీ భాషలో తాళాలుండవు. దాచుకోవాలనుకున్నవాడు తన తిప్పలు తాను పడాలి. కర్నూల్లో మా చిన్న షెడ్డులో బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు తయారవుతాయి. వాటిలోని చిప్పుకు ప్రోగ్రాం రాసేది నేనే. మోటారు వివరాలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, అందరికీ కనబడే హెడర్ ఫైలులో దాని పేరు మాత్రం చూపిస్తాను. లోపల ఏముందో నా సీ ఫైలుకే తెలుసు. మిగతా ప్రోగ్రాం నేనిచ్చిన ఫంక్షన్లను పిలవాల్సిందే: మోటారు వెయ్యి, ఆపు, అంతే. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఆపి, ఊట ఊరేదాకా ఆగాలి. ఆ ఆగే సమయాన్నయితే స్టాటిక్ అని రాసి మరీ దాచాను. దాంట్లో ఎవడూ వేలు పెట్టకూడదని నా పంతం.

బనగానపల్లె దగ్గర మా బావ తోటలోనూ ఒక పెట్టె బిగించాను. అక్క బిందెలతో నీళ్లు మోసి బతికించిన మామిడి మొక్కలున్న తోట అది. ఈ ఎండాకాలం అక్క కాలు విరిగి మంచం పట్టింది. వసారాలో ఆమె మంచం మీంచి చెట్లు కనబడవు, మోటారు షెడ్డు మీది ఆకుపచ్చ బల్బు కనబడుతుంది. మోటారు తిరిగితేనే అది వెలుగుతుంది. బల్బు వెలిగిందంటే చెట్లకు నీళ్లు పారుతున్నాయని మా ఇళ్లలో లెక్క.

"ఆ ఆగే టైము తీసెయ్యప్పా" అని బావ ఫోన్ చేశాడు. బయటి నుంచి అది మారదనీ, మారిస్తే మోటారు కాలిపోతుందనీ కసిరాను. ఆయన మెకానిక్కును పిలిచి, నా పెట్టెతో పని లేకుండా వైర్లు డైరెక్టుగా కలిపించాడు. నేనెంత దాచి ఏం లాభం? మోటారు కాలింది.

ఒళ్లు మండి వెళ్లాను. "నీళ్లు లేక ఆగింది బావా, పెట్టె చెడిపోయి కాదు."

"నీళ్లు ల్యావని నాకు తెలీదా? బోరెండి శానా దినాలాయ. బల్బు అట్ట ఎలిగి ఇట్ట ఆరిపోతాంటే మీ అక్క అడుగుతాది. ఏమని చెప్పేది?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇద్దరం చెట్ల దగ్గరికి నడిచాం. ఆకు పట్టుకుంటే చేతిలో పొడైపోయింది.

"మోటరు లేకుండా ఆ బల్బు ఒగటి ఎలిగేటట్ల రాయగలవా?" అన్నాడు బావ, నా మొహం చూడకుండా.

ఊరికే వెలిగితే అక్క కనిపెట్టేస్తుంది. నీళ్లున్న రోజుల్లోలాగే వెలగాలి, ఆరాలి, మళ్లీ వెలగాలి. ఒక చిన్న స్టాటిక్ ఫంక్షన్ రాశాను. హెడర్‌లో దాని ఊసే లేదు. నేను రాసినవాటిలో ఇంత బాగా దాగింది మరొకటి లేదు. నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి రోజు అక్క ఫోన్ చేసింది.

"బల్బు బాగా ఎలుగుతాండాది రా. కాలు నయమైనాక ముందు చెట్ల కాడికే పోతా."

ఊఁ అన్నాను.