తినే బెల్లం, అమ్మే బెల్లం

మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పిన అయివారు పోయాడని మంగళవారం పొద్దున ఫోన్లో తెలిసింది. మధ్యాహ్నానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపు నిండా దండాలు. 'మహానుభావుడు', 'ఊరికి తీరని లోటు'. ఆ దండం పెట్టిన చేతుల్లో సగం నాకు బాగా తెలుసు. ఆయన్ని ఇక్కణ్ణుంచి బదిలీ చేయమని అర్జీ రాస్తే కింద సంతకాలు పెట్టినవి అవే. మొదటి సంతకం నాది. అందుకే గ్రూపులో ఏమీ పెట్టలేక ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకూ నాకూ పడేది కాదు. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. ప్రయత్నిస్తున్నాను, ఇంకా కుదరలేదు.

ఆయనది పుత్తూరు. ఐరాల దగ్గర మా ఊళ్లో గది బాడుగకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. "పుత్తూరోళ్లు ఇరిగిన ఎముకలు కడతారంట. మీరేంది సారూ, బాగుండేటివి ఇరగ్గొట్టేదానికి వచ్చినారా?" అని టీ అంగడి దగ్గర అడిగేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. "ఈ జోకు ఎన్నిసార్లు చెప్పినావప్పా? అన్నిసార్లూ ఒకే ఫలితం వస్తా ఉండాదా?" అనేవాడు. అప్పుడు అందరూ నవ్వేవాళ్లు. నా జోకుకు కాదు.

సైన్సు ఫెయిర్ వస్తే మిగతా స్కూళ్ల వాళ్లు చిత్తూరుకు పోయి థర్మోకోల్ బొమ్మలు కొనుక్కొచ్చేవాళ్లు. ఈయన పిల్లలకు ఒక్క ప్రాజెక్టు కూడా చెప్పేవాడు కాదు. "మీకు తెలిసింది నాకెందుకు? తెలీంది ఏందో అది పట్టుకోని రాండి" అని తరిమేవాడు. దాంతో పిల్లలు ఊరి మీద పడ్డారు. ఒకడు సర్పంచి ఉపన్యాసంలో 'అభివృద్ధి' అనే మాట ఎన్నిసార్లు వస్తుందో గీతలు పెట్టి లెక్కేశాడు. ఇంకొకతె వాళ్ల అవ్వ ఇచ్చే మజ్జిగలో నీళ్లెంతో కొలిచింది. చేసి చూపిస్తే ఆయన ముందుగా అడిగేది ఒకటే. "ఎన్నిసార్లు చేసినావు?" ఒకసారి అంటే కాగితం తిరిగి చేతిలో పెట్టేవాడు. మూడుసార్లకు తక్కువైతే అది ఆయన లెక్కలో పుకారు.

ఆ ఏడు మా పాప తొమ్మిదో తరగతి. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగింది.

"నాయనా, చెరుకు రసం మురికి రంగులో ఉంటాది గదా, బెల్లం పసుపు ఎట్లయితాది?"

"ఉడికితే అట్లే అయితాది."

"మరి మనం తినేది నల్లగా ఉండాదే? అది ఉడకలేదా?"

"అన్నం తినుమే."

మా వైపు గానుగ ఆడేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. మొదటి పెనం బెల్లం ఇంటికి. అందులో ఏ మందూ వేయం. మిగతా పెనాల్లో రసం తెర్లేటప్పుడు కాస్త తెల్లపొడి వేస్తాం, గుడ్డల రంగు తీసేదానికి వాడే మందు. బెల్లం పసుపు తిరుగుతుంది. మండీలో పసుపు బెల్లానికే గిరాకీ. దీన్ని ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పుకోనూ లేదు.

మా పాప, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు సీసాలు పట్టుకుని గానుగ ఉన్న తొమ్మిది ఇళ్లకూ తిరిగారు. "మా ప్రాజెక్టుకు ఒక ముక్క బెల్లం ఇయ్యండి." సంగతి మాకు అర్థమైంది. మేం తక్కువ తిన్నామా! తొమ్మిదిళ్ల వాళ్లమూ టీ అంగడి దగ్గర మాట్లాడుకుని, అందరం అటక మీది ఇంటి బెల్లమే తీసి ఇచ్చాం. ఆ రోజు మా తెలివికి మేమే మురిసిపోయాం.

పరీక్ష చాలా చిన్నది. బెల్లం నీళ్లలో కరిగించి, ఏదో ఆమ్లం చుక్కలేసి, పైన నారింజ రంగు కాగితం పట్టుకోవాలి. మందు ఉంటే కాగితం ఆకుపచ్చగా మారుతుంది. మూడేసి సార్లు చేశారు. ఒక్కటీ మారలేదు. పిల్లలు సంతోషంగా పోయి చెప్పారు. అయివారు సీసాలు వరసగా పెట్టించి, "ఇదేం రంగు?" అన్నాడంట.

"నలుపు సార్."

"మీ ఊర్నించి మండీకి పొయ్యేది?"

"పసుపు సార్."

"మరి ఆ పసుపుది ఒక్కరన్నా మీకు ఇయ్యలేదే, ఎందుకని?"

సాయంత్రం మా పాప నేరుగా మా కొట్టంలోకే వచ్చి, మండీకి కట్టిన గంపలోంచి ముక్క తీసుకుంది. తక్కిన ఇద్దరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో అదే పని చేశారు. ఈసారి కాగితాలు మారాయి. చార్టు మీద కింద ఎర్ర అక్షరాలతో రాశారు: 'మా ఊళ్లో తినే బెల్లం వేరు, అమ్మే బెల్లం వేరు. రెండూ ఒకే చెరుకు.' మేం మోసం చేద్దామని ఇచ్చిన తొమ్మిది సీసాలే దానికి సాక్ష్యం.

చిత్తూరు ఫెయిర్‌కు పోయే రోజు పొద్దున మేం ఐదుగురం బస్టాపు దగ్గర ఆయన్ని చుట్టుకున్నాం.

"ఆ లైను కొట్టెయ్ సారూ. ఊరి పరువు పోతాది."

"ఊరి పేరు యాడ రాసినారప్పా? 'మా ఊరు' అని ఉండాది."

"మా ఊరంటే మా ఊరే గదా!"

"తప్పుంటే చెప్పు. ఈడనే కొట్టేస్తా." నిజంగానే జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

నేను కండువాలో కట్టుకొచ్చిన పసుపు బెల్లం ముద్ద బయటికి తీశాను. "ఇదో సూడు, బంగారం మాదిరి ఉండాది. దీంట్లో ఏముండాదని రాసినావు? తిని సూడు!"

"నాకు చక్కెర జబ్బుండాది. నీ బిడ్డ ఈడనే ఉండాది గదా, పెట్టు. ఆ యమ్మి తినిందంటే లైను కొట్టేస్తా."

మా పాప చార్టును చంకలోకి మార్చుకుని చెయ్యి చాపింది. "ఇయ్యి నాయనా" అంది. ఎగతాళిగా అని ఉంటే చెంప మీద ఒకటి ఇచ్చేవాణ్ణి. మామూలుగా, అన్నం పెట్టమని అడిగినట్టు అడిగింది.

"ఇచ్చెయ్యప్పా, ఒక్క ముద్దకు ఏమయితాది!" అని వెనకనుంచి ఒకడు నా భుజం తట్టాడు. బస్సు వచ్చింది. కండక్టరు అరుస్తున్నాడు. పాప చెయ్యి అట్లాగే చాపి ఉంది. అరచేతిలో ఎర్ర స్కెచ్ పెన్ను మరకలు. అయివారు నన్ను చూడలేదు. పెన్ను పట్టుకుని ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు, నేను పెడతానేమోనని భయపడుతున్నట్టు.

నేను పెట్టలేదు.

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. పిల్లలు బస్సెక్కారు. ప్రైజు రాలేదు, అది పొగ చిమ్మే థర్మోకోల్ అగ్నిపర్వతానికి వచ్చింది. ఆ వారమే అర్జీ రాశాం. ఆయన పుత్తూరు వైపు వెళ్లిపోయాడు. బెల్లంలో మందు వేయడం మానేశాక మండీలో ఏటా నా బెల్లం రంగు చూసి తిడుతుంటారు. ఆ తిట్లు తింటూ నేను ఆయన్ని తిట్టుకుంటాను. మా పాప ఇప్పుడు తిరుపతిలో కెమిస్ట్రీ చదువుతోంది. ఫోన్లో కబురు చెప్పాను. "సారు ఇంటికి నువ్వు పొయ్యొచ్చినావా?" అని అడిగింది. లేదన్నాను.

ఆ పొద్దున బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక, తక్కిన నలుగురూ వెళ్లిపోయాక కూడా, నేను అక్కడే ఉన్నాను. పిడికిలి విప్పితే బెల్లం చెమటకు కరిగి వేళ్ల సందుల్లోంచి పసుపుగా కారుతోంది. చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియలేదు.