ఒక ఎపిసోడ్ సేపు

తాడేపల్లిగూడెం సుకుమార్ ఉద్యోగం చేపపిల్లల్ని ఒక నీటి నుంచి ఇంకో నీటికి చేర్చడం. పెంటపాడు దగ్గర భీమశంకరం గారి హేచరీలో పిల్లల్ని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టించుకుని, ట్రాలీ ఆటోలో ఏలూరు మీదుగా కొల్లేరు చెరువులకు తీసుకుపోతాడు. చేరగానే సంచులు విప్పకూడదు. మూతి కట్టి ఉండగానే చెరువులో అరగంట తేలనివ్వాలి. లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి వస్తేనే పిల్లలు బతుకుతాయి.

ఆ అరగంటకు సుకుమార్ గడియారం చూడడు. కూతురు దీవెన ఫోన్లో పెట్టిచ్చిన జపాన్ బొమ్మల సీరియల్ ఒక ఎపిసోడ్ చూస్తాడు. అందులో ఒక గోడౌన్ కూలీ షట్టర్ ఎత్తి వేరే లోకానికి వెళ్తుంటాడు. డ్యూటీ దిగేలోగా తిరిగి రాకపోతే పని పోతుంది. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. సుకుమార్‌కు రెండూ రావు. అయినా, "ఆ మనిషి కష్టం నాకు తెలుసమ్మా" అంటాడు.

మొన్న ఆగస్టులో అతని పనికే ఎసరొచ్చింది. అంతకుముందు విడతలో ఒక రైతు తొందరపెట్టి సంచులు విప్పించాడు. సగం పిల్లలు చచ్చాయి. మాట పడింది మాత్రం సుకుమార్.

"ఈసారీ చస్తే ఆటో తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోవయ్యా" అన్నారు భీమశంకరం గారు.

ఆ ఈసారి, పన్నెండు సంచులు అచ్యుతరావు గారి చెరువుకు. ఆయన చెప్పిన గుర్తు ప్రకారం గట్టు మీద నీలం రేకుల షెడ్డు కనబడగానే సుకుమార్ సంచులు నీళ్ళలోకి వదిలి, ఫోను తెరిచాడు. కథలో కూలీ షట్టర్ ఎత్తాడు. అవతల ఏదో ఉంది. అంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావయ్యా?" అచ్యుతరావు గారు.

"మీ చెరువు మీదేనండీ. సంచులు కూడా వదిలేశాను."

"నేనూ నా చెరువు మీదే ఉన్నాను. నువ్వు కనబడవేం?"

సుకుమార్ తలెత్తి చూశాడు. రెండు గట్ల అవతల ఇంకో నీలం రేకుల షెడ్డు ఉంది.

ఇక్కడ చేపలకు మేత చల్లరు. కన్నాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన గెడలకు వేలాడదీస్తారు. చేపలు ఆ సంచుల్ని మూతులతో పొడిచి తింటాయి. గాలికి సుకుమార్ సంచులు సరిగ్గా ఆ గెడల దగ్గరికే కొట్టుకుపోయాయి. మేత వేళ కూడా అయింది. నీళ్ళు కదిలాయి. ఒక సంచి ఎగిరి పడింది. దాని పక్కది టప్పున పగిలింది.

"ప్రభువా!" అంటూ సుకుమార్ చొక్కాతో సహా దూకేశాడు. నీళ్ళు మెడ దాకా వచ్చాయి. కాళ్ళు బురదలో దిగిపోయాయి. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. ఇంకో సంచి ఊగుతోంది.

షెడ్డులోంచి ఆ చెరువుకు కాపలా ఉండే కుసుమ బయటికొచ్చింది.

"ఏవండీ, స్నానానికి మా చెరువే దొరికిందా?"

"సంచులమ్మా, నా సంచులు!"

"అయ్యో, పడవుందిగా అండీ! అడిగితే ఇవ్వనా?" షెడ్డు వెనక కట్టేసిన పడవ విప్పి, గెడ వేసుకుంటూ వచ్చింది. ముందు సంచుల్ని ఎక్కించింది, ఆఖర్న సుకుమార్‌ని. పదకొండు దక్కాయి. జేబులో ఫోను మాత్రం చచ్చిపోయింది.

సంచుల్ని మళ్ళీ ఆటోకెత్తుకుని అచ్యుతరావు గారి గట్టుకు చేరేసరికి ఆయన ముఖం ఎర్రగా ఉంది. సుకుమార్ ఒంటినుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఒకటి పక్క చెరువులో పగిలిందండీ. నా ఫోనూ నీళ్ళలో పోయింది. తప్పు నాదే."

"సరే, ఇప్పటికే ఆలస్యం. విప్పెయ్."

సుకుమార్ సంచుల్ని గట్టు పక్కనే నీళ్ళలోకి వదిలాడు. "విప్పనండీ. మీ నీళ్ళు వేరు. మళ్ళీ అరగంట ఆగాలి."

"ఫోను పోయిందిగా, అరగంట ఎలా తెలుస్తుందోయ్?" ఆయన సంచి మూతి మీద చెయ్యి వేశారు.

సుకుమార్‌కు ఆ చేతిని ఆపే దారి ఒకటే తోచింది. "ఒక కూలీ కథ చెబుతానండీ. అది అయ్యేలోగా విప్పితే నా పని పోతుంది." గట్టు మీద కూర్చుని మొదలుపెట్టాడు. షట్టరూ, లోకాలూ, కూలీ పరుగూ. రాని జపాన్ మాటలు కూడా తానే చెప్పాడు. అచ్యుతరావు గారి చెయ్యి మెల్లగా సంచి మీదనుంచి జారింది.

"షట్టర్ ఎత్తాడండీ. అవతల..." సుకుమార్ ఆగిపోయాడు. "అప్పుడే మీరు ఫోను చేశారండీ."

అప్పటికి అరగంట దాటింది. ఇద్దరూ కలిసి సంచులు విప్పారు. పిల్లలు కాసేపు తటపటాయించి, ఒక్కసారిగా లోతుకు దిగాయి. పైకి ఒక్కటీ తేలలేదు.

అచ్యుతరావు గారు భీమశంకరం గారికి ఫోను చేశారు. "ఒక సంచి తక్కువ. మిగతావి హుషారుగా ఉన్నాయి. వచ్చే విడతకు ఈ మనిషినే పంపండి. అవతల ఏముందో కనుక్కుని రమ్మనండి."