యొర్దానులో మునగని పెద్దమ్మ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక తాడేపల్లిగూడెంలో మా మందిరం వెనక హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. కొన్నేళ్ళ కిందట పవిత్ర దేశ యాత్రకి కలిసి వెళ్ళొచ్చిన వాళ్ళం. మందిరం వార్షికోత్సవానికి ఓ చిన్న పుస్తకం వేస్తున్నారు, అందులో మా యాత్ర జ్ఞాపకాలు ఉండాలన్నారు అయ్యగారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి రాసే పని నాకు అప్పజెప్పారు. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకున్నానే గానీ గంట గడిచినా నాలుగు వాక్యాలు పడలేదు. మేమెక్కిన ఒంటె తెల్లదని ఒకరు, ఎర్రదని ఒకరు. బేత్లెహేములో వాన కురిసిందని ఒకావిడ ఒట్టు పెట్టినంత పని చేసింది. ఆ రోజు ఎండకి తాళలేక నెత్తిన తువ్వాలు కప్పుకున్న ఫొటో ఆవిడ ఫోనులోనే ఉంది. మృత సముద్రంలో ఎవరి చెప్పులు కొట్టుకుపోయాయన్న దాని మీద ఒక జంట మాట్లాడుకోవడం మానేసింది. ఒక యాత్రకి ఇరవై మంది వెళ్తే ఇరవై యాత్రలు తిరిగొస్తాయన్న సంగతి, ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినా నాకు అంతవరకూ తట్టలేదు.

అలా మాటలు యొర్దాను నది దాకా వచ్చి ఆగాయి. అందరి చూపులూ మా పెద్దమ్మ మీదికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చేశాయి. పెద్దమ్మ టీలో బిస్కెట్టు ముంచుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఆగిపోయారేం? చెప్పండి. నాకూ వినాలనుంది" అంది.

ఆవిడ మా అమ్మకి అక్క. ఉంగుటూరు దగ్గర కాలవ గట్టు మీదున్న మా ఊళ్ళో నలభై ఏళ్ళు బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. ఇంటింటికీ నడిచి వెళ్ళి ఆడవాళ్ళకి వాక్యం చెప్పడం, చదువు రానివాళ్ళకి పాటలూ పది ఆజ్ఞలూ కంఠతా పట్టించడం, బాప్తిస్మానికి సిద్ధం చేయడం ఆ ఉద్యోగం. మా సంఘంలో బాప్తిస్మమంటే నిండా ముంచుతారు. కాలవకి నీళ్ళు వదిలాక ఓ ఆదివారం, తెల్లచీరలు కట్టుకున్న ఆడపిల్లల్ని వరసగా గట్టు దింపి, నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ అయ్యగారి దాకా చెయ్యి పట్టుకుని నడిపించేది పెద్దమ్మే. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆవిడ 'బైబిలమ్మగారు'. నన్నూ ఆవిడే నడిపించింది. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నవి రెండే: కాలి కింద జారే బురద, నా మణికట్టు చుట్టూ ఆవిడ వేళ్ళు. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోయాడు, పిల్లల్లేరు. పని మానేశాక తాడేపల్లిగూడెంలో నా దగ్గరే ఉంటోంది.

యాత్రకి వెళ్ళేనాటికి ఆవిడకి డెబ్బై దాటాయి. ఇద్దరిదీ ఒకే గది. బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడ తీరు నాకు అంతుపట్టలేదు. యెరూషలేము గోడలు చూసి అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "యొర్దాను ఎప్పుడో గైడుని అడగవే" అంది. గైడు ఆ దేశపువాడు, మాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. దుబాసీ పని నాది. లోతెంత? మెట్లున్నాయా? పట్టుకోవడానికి కమ్మీ ఉందా? రోజుకో ప్రశ్న. ఒకనాడు మాత్రం, "అక్కడ మునగాలంటే కాగితాలేవైనా అడుగుతారా?" అని అడగమంది. పాస్‌పోర్టు ఉంటే చాలునని గైడు నవ్వాడు. నేనూ నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు.

దానికితోడు ఆవిడ పెట్టె అడుగున ఒక తెల్లచీర ఉంది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పాత దుప్పటిలో చుట్టి తెచ్చుకుంది. ముట్టుకోబోతే కసిరింది. కొందరు పెద్దవాళ్ళు యొర్దానులో తడిపిన గుడ్డ దాచుకుని, పోయాక తమ మీద కప్పమంటారని ఎక్కడో విన్నాను. ఈవిడ ఏదో జబ్బు దాస్తోందని నాకు అనుమానం పట్టుకుంది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, సిగ్గు విడిచి చెప్తున్నాను, చేతిసంచీ వెతికాను. బీపీ మాత్రలు, తలనొప్పి మందు, మూత సరిగ్గా పడని ఉసిరికాయ పచ్చడి సీసా దొరికాయి. నా అనుమానం తీరలేదు, చేతులకి పచ్చడి అంటుకుంది. బయటికొచ్చాక ఆవిడ వాసన చూసి, "అన్నం లేకుండా ఎలా తిన్నావే?" అని మాత్రం అడిగింది.

యొర్దానుకి వెళ్తున్న రోజు బస్సులో అయ్యగారు మైకు పుచ్చుకున్నారు. బాప్తిస్మం ఒక్కసారే, రెండోసారి తీసుకోవడం మన సంఘపు బోధ కాదు, కావాలంటే కాళ్ళు తడుపుకుని నాలుగు చుక్కలు తల మీద చల్లుకోండి అని చెప్పారు. దిగి చూస్తే నది ఓ పాటి పంట కాలవంత ఉంది. పచ్చటి నీళ్ళు, అటుపక్క రెల్లు. మాతో వచ్చిన బాబాయికి ఆకివీడు వైపు చేపల చెరువులున్నాయి. ఆయన భక్తి, వృత్తి ఎప్పుడూ విడివిడిగా ఉండవు. మెట్ల దగ్గర కాళ్ళని పొడుస్తున్న చేపల్ని వంగి చూసి, "ఆయ్, మన జెల్లల్లాగే ఉన్నాయండీ. మేతెవరేస్తారో!" అన్నారు. వేరే దేశాలవాళ్ళు తెల్ల అంగీలు తొడుక్కుని తమ భాషల్లో పాడుకుంటూ మునుగుతున్నారు. మేము ఫొటోల హడావిడిలో ఉండగా పెద్దమ్మ బట్టలు మార్చుకునే గదిలోంచి ఆ తెల్లచీర కట్టుకుని వచ్చింది. తిన్నగా అయ్యగారి ముందు నిలబడి, "నన్ను ముంచండి అయ్యగారూ" అంది.

ఆయన నొచ్చుకోకుండా నచ్చజెప్పబోయారు. "అమ్మా, మీకు తెలియంది కాదు. రెండోసారి..."

"రెండోసారి కాదండి. మొదటిసారి."

ఎవరి ఫోను వాళ్ళ చేతిలో అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ కమ్మీ పట్టుకుని, గొంతు పెంచకుండా, పొరుగింటి సంగతి చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. పదహారేళ్ళప్పుడు ఆవిడ పేరూ బాప్తిస్మం జాబితాలో ఉందట. సరిగ్గా ఆ ఆదివారం చలిజ్వరం వచ్చి మంచం పట్టింది. అప్పటి అయ్యగారు పేర్లన్నీ ముందు రోజే రిజిస్టరులో ఎక్కించేశారు. పై వారం మందిరానికి వెళ్తే, బాప్తిస్మం అయినవాళ్ళకే ఇచ్చే ప్రభు బల్ల దగ్గర ఎవరో రొట్టె పళ్ళెం అందించారు. నలుగురిలో 'నాకింకా కాలేదండీ' అనడానికి నోరు రాక తీసుకుంది. వచ్చే వారం చెబుదామనుకుంది. ఈలోగా వేసవికి కాలవ నీళ్ళు కట్టేశారు. ఆనక పెళ్ళి, అయ్యగారి బదిలీ. బైబిల్ ట్రైనింగుకి పంపేటప్పుడు బాప్తిస్మం పొందినట్టు సంఘం వాళ్ళు కాగితం రాసిచ్చారు. "ఆ కాగితం చూశాక ఇంక నోరు పెగల్లేదండి. ఏటా మీ అందరినీ పట్టుకుని నడుం లోతు దాకా దిగాను. తలొక్కటే మునగలేదు."

ఒకావిడ ఏడ్చేసింది. ఇంకొకాయన, "ఇన్నేళ్ళు బల్లలో పాలుపొందారా!" అని పైకే అనేసి, అన్నందుకు తానే బెదిరిపోయాడు. నాకు మాత్రం ఏడుపు కన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. మనం ఒకే గదిలో పడుకుని, ఒకే కంచంలో చెయ్యి పెట్టిన మనిషి లోపల ఇంత గది మూసి ఉంటుందా అని. అయ్యగారు బూట్లు విప్పి ప్యాంటు మడుచుకున్నారు. ఇద్దరూ దిగారు. నీళ్ళు నడుం దాకా వచ్చాక పెద్దమ్మ ఆగింది.

"ఇక్కడ అయిపోతే ఊళ్ళో చెప్పాలాండి?"

"చెప్పి తీరాలని నేననను. మీ ఇష్టం అమ్మా."

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. గైడు వాచీ చూపిస్తున్నాడు. కొంతసేపటికి వెనక్కి తిరిగి, మెట్లెక్కి బయటికి వచ్చేసింది. "నేనెవరో తెలీని చోటైతే సుళువని ఇంత దూరం వచ్చానండి. సుళువుగా అయిపోతే మళ్ళీ దాచేస్తాను. నా సంగతి నాకు తెలుసు" అంది. తడిసిన చీరతోనే బస్సెక్కింది. మా యాత్రికులంతా ఎవరూ చెప్పకుండానే నోరు కుట్టేసుకున్నారు. ఒంటె రంగు మీద కుదరని ఐకమత్యం దీని మీద కుదిరింది.

మేము తిరిగొచ్చేసరికి ఈస్టరు దగ్గర పడింది, ఆ హడావిడి అయ్యేలోగా కాలవ కట్టేశారు. మందిరంలో సిమెంటు తొట్టి ఉందని, అందులో ఇస్తానని అయ్యగారు అన్నారు. వద్దు, ఊరి కాలవకి నీళ్ళొచ్చేదాకా ఆగుతానంది పెద్దమ్మ. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్ళకి అందించింది. "యెరూషలేము వెళ్ళొచ్చాక మన రొట్టె రుచించట్లేదు కాబోలు" అని వెనక బెంచీలో గుసగుస. నీళ్ళొచ్చేలోగా ఆ రెండు నెలలూ ఆవిడ ఊరుకోలేదు. తాను నీళ్ళలోకి నడిపించిన ఆడవాళ్ళలో దొరికినవాళ్ళ ఇళ్ళకల్లా ఆటో మీద వెళ్ళి, ముందు వాళ్ళకి చెప్పింది. తోడుగా వెళ్ళాననే చెప్పుకుంటాను గానీ, నిజానికి ఎవరేమంటారో చూడాలన్న కుతూహలమే నన్ను ఆటో ఎక్కించింది.

కొల్లేటి లంకలో ఒకావిడ రొయ్యలు వలుస్తూ అంతా విని, చెయ్యి ఆపకుండానే, "నడుం దాకా తడిసే ఉన్నారు గదండీ. మిగతాది ఇప్పుడు తడుస్తుంది. దానికింత ఎండలో రావాలా, ఫోను చేస్తే పోయేది" అంది. వచ్చేటప్పుడు వలిచిన రొయ్యలు ఓ గిన్నెడు కట్టిచ్చింది. ఏలూరులో నర్సుగా చేసే ఒకావిడ పెద్దమ్మని పట్టుకుని ఏడ్చి, ఆనక బీపీ చూసింది. గుండుగొలనులో మాత్రం అలా జరగలేదు. అక్కడ హైవే పక్కన టిఫిన్ కొట్టు నడిపే ఆవిడ అట్టు తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"పది ఆజ్ఞలు తడుముకుంటున్నానని నన్ను ఏడాది ఆపారు, గుర్తుందాండీ?"

పెద్దమ్మ తలూపింది.

"మా అమ్మ చూడాలనుకుంది. ఆ ఏడే పోయింది. నన్ను మీరు ఆపారు. మిమ్మల్ని ఆపినోళ్ళు లేరు."

అట్టు మాడిపోతోంది. పెద్దమ్మ క్షమించమని అడిగింది. ఆవిడ పెనం గీకుతూ అటు తిరిగిపోయింది. బల్లల దగ్గర జనం ఖాళీ అయ్యేదాకా నిలబడి, పెద్దమ్మ ఆటో ఎక్కింది. దారిలో, "నిజమే. ఆ పిల్ల నాలుక తిరక్క తడబడింది, నేనది భక్తి తక్కువనుకున్నాను" అంది.

కాలవకి నీళ్ళు వదిలాక ఓ ఆదివారం అయ్యగారు తాడేపల్లిగూడెం నుంచి మా యాత్ర బృందంతో వచ్చి మా ఊరి మందిరంలో ఆరాధన పెట్టారు. పెద్దమ్మ లేచి నిలబడి ఉన్న సంగతి చెప్పేసింది. అర నిమిషం పట్టింది. వెనకనుంచి ఓ ముసలావిడ, "అయితే మా బాప్తిస్మాలు చెల్లుతాయాండీ?" అని బెంగగా అడిగింది. "ముంచింది అప్పటి అయ్యగారు, నమ్మింది మీరు. భయం లేదమ్మా" అని అయ్యగారు చెప్పాక గాని ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు. అంతా గట్టు మీదికి నడిచాం. ఎర్రటి కొత్తనీళ్ళు గట్ల దాకా ఉన్నాయి. పెద్దమ్మ దిగబోతుంటే రోడ్డు మీద ఆటో ఆగి, గుండుగొలను ఆవిడ దిగింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, "ఆజ్ఞలు వచ్చాండీ మీకు? చెప్పండి" అంది.

ఎవరో "ఇదేంటమ్మా" అనబోయారు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపి, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. నలభై ఏళ్ళు ఊరందరికీ నేర్పిన మనిషి మధ్యలో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందన్న దాని మీద మా బృందం ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదనే తొమ్మిదో ఆజ్ఞ దగ్గర అని ఎక్కువ మంది అంటారు, కథకి అదే బాగుంటుంది కాబట్టి. నేను పక్కనే ఉన్నాను. ఆగింది విశ్రాంతి దినం గురించిన నాలుగోదాని దగ్గర. అది పొడుగు. గుండుగొలను ఆవిడ ఒక్క క్షణం చూసి, ఆగిన చోటునుంచి తానే అందించింది. ఇద్దరూ కలిసి పదీ పూర్తి చేశారు. "సరే, దిగండి" అందావిడ.

చెయ్యి పట్టుకుందామని నేను ముందుకెళ్తే, "ఈ కాలవ నాకు చూపిస్తావా?" అని పెద్దమ్మ విదిలించుకుని, తానే నడిచి అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. మునిగి లేచాక ముక్కులోకి నీళ్ళు పోయి ఓ పక్క దగ్గు, ఓ పక్క నవ్వు. గుండుగొలను ఆవిడ భోజనాలకి ఉండలేదు. కొట్టు తెరవాలంటూ వెళ్ళిపోయింది. ఆవిడ క్షమించిందో లేదో నాకు తెలియదు. పెద్దమ్మా అడగలేదు. పాత రిజిస్టరులో తప్పుడు పద్దు కొట్టేయమంటారా అని అయ్యగారు అడిగితే, "ఉంచండి. పక్కన ఈ తారీకు రాయండి" అంది.

ఇదంతా పోయిన ఆదివారం హాల్లో తలా ఓ ముక్కా చెప్పారు. పెద్దమ్మ శ్రద్ధగా వింది, ఒకటి రెండు చోట్ల దిద్దింది. ఇంటికి వస్తుంటే, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్న మాట అడిగాను. "అన్నేళ్ళూ రోజూ గుర్తొచ్చేదా పెద్దమ్మా?"

"రోజూ ఏం గుర్తుంటుందే. పనుల్లో పడి మర్చిపోయేదాన్ని. కాలవకి నీళ్ళు వదిలినప్పుడు గుర్తొచ్చేది."

కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయని పిల్లలకి నేనూ చెప్పేదాన్ని. మరిపించే కాలమే ఏడాదికోసారి గుమ్మం దాకా వచ్చి గుర్తుచేసి పోతుందని, అలా యాభై ఏళ్ళకి పైగా విసుగులేకుండా వచ్చిపోగలదని, ఏ పాఠంలోనూ లేదు.